అతుకు దగ్గర తెలిసే పనితనం

సముద్రం అడుగున రెండు కాంక్రీటు ముక్కల్ని చుక్క నీరు చొరబడకుండా అతికించాలంటే, బిగించే బలం ఎక్కణ్ణుంచి తేవాలి? ఓరెసుండ్ జలసంధిలో సొరంగం వేసిన ఇంజినీర్లు ఆ బలాన్ని సముద్రం దగ్గరే తీసుకున్నారు. కోపెన్‌హాగెన్ ఉత్తర రేవులో పోతపోసిన ఒక్కో సొరంగం ముక్క పొడవు 176 మీటర్లు, బరువు 55,000 టన్నులు. దాని రెండు చివరలూ తాత్కాలిక గోడలతో మూసి, నీటిలో తేల్చి, టగ్ పడవలతో లాక్కొచ్చి, అడుగున తవ్వి ఉంచిన కందకంలోకి దించారు. ముక్క అంచు చుట్టూ రబ్బరు పట్టీ ఉంటుంది. అది పక్క ముక్కకు ఆనగానే, రెండు మూత గోడల మధ్య చిక్కిన నీటిని తోడేశారు. అటు లోపల ఒత్తిడి పోయేసరికి, ఇటు రెండో చివరన సముద్రం నెట్టే బలమంతా వచ్చి రబ్బరును నొక్కిపట్టింది. ఇలా 20 ముక్కలు ఒకదాని వెనక ఒకటి చేరాయి.

డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌నూ, స్వీడన్‌లోని మాల్మోనూ కలిపే ఈ 16 కిలోమీటర్ల దారి 2000 జులై 1న తెరుచుకుంది. సుమారు 4 కిలోమీటర్లు సొరంగం, మరో 4 కిలోమీటర్లు మనుషులు పోసిన దీవి, తక్కినది వంతెన. పైన నాలుగు వరసల రోడ్డు, కింద రెండు రైలు పట్టాలు. సముద్రగర్భంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి పేలని బాంబులు బయటపడినా, గడువుకు మూడు నెలల ముందే పని పూర్తయింది.

మొత్తం వంతెనే ఎందుకు కట్టలేదు? కోపెన్‌హాగెన్ వైపు కాస్ట్రుప్ విమానాశ్రయం ఒడ్డునే ఉంది. విమానాలు దిగే దారిలో ఎత్తైన స్తంభాలు నిలబెట్టడం కుదరదు, డ్రోగ్డెన్ కాలువలో ఓడలకూ దారి వదలాలి. అందుకే ఆ భాగం నీటి కిందికి పోయింది. స్వీడన్ వైపు 204 మీటర్ల స్తంభాలు లేచాయి. ఆ ప్రధాన వంతెన దగ్గర ఎక్కువసేపు ఆగాలనిపిస్తుంది. రెండు స్తంభాల జతల మధ్య దూరం 490 మీటర్లు, ఓడలకు వదిలిన ఎత్తు 57 మీటర్లు. రోడ్డుకు పైన స్తంభాల్ని కలిపే అడ్డదూలం ఒక్కటీ లేదు. తీగలన్నీ వీణ తంత్రుల్లా ఒకదానికొకటి సమాంతరంగా దిగుతాయి. కింద రైలు నడిచే ఉక్కు చట్రంలోని ఏటవాలు కమ్మీల్ని కూడా ఆ తీగల వాలుకే సరిపెట్టారు. వాస్తుశిల్పి జార్జ్ రోట్నె బృందం చేసిన ఈ పొందిక అందం కోసమే కాదు, తీగ లాగే బలం తిన్నగా చట్రంలోకి దిగడానికి కూడా. ఇరుపక్కల వంతెన దూలాలు స్పెయిన్‌లోని కాదిజ్‌లో తయారై ఓడల మీద వచ్చాయి. ప్రధాన వంతెనవి స్వీడన్‌లోని కార్ల్స్‌క్రోనాలో తయారయ్యాయి.

నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది మాత్రం కంటికి కనిపించదు. బాల్టిక్ సముద్రానికి ఉప్పునీరు అందేది ఓరెసుండ్ లాంటి ఇరుకు జలసంధుల గుండానే. ఆ ప్రవాహం కాస్త తగ్గినా కాడ్ చేపల సంతానానికి దెబ్బ. అందుకని కట్టడం పూర్తయ్యాక బాల్టిక్‌కు వెళ్లే నీటిలో ఏ మార్పూ ఉండకూడదని షరతు పెట్టుకున్నారు. స్తంభాలూ దీవీ అడ్డుకునే నీటికి బదులుగా వేరేచోట అడుగు తవ్వి దారి ఇచ్చారు. తవ్విన మట్టీ రాయితోనే పెబర్‌హోల్మ్ దీవిని పోశారు. అక్కడ విత్తులు చల్లలేదు. గాలీ పక్షులూ తెచ్చినవే మొలిచాయి, నేడు వందల రకాల మొక్కలున్నాయి.

రైలు దగ్గర చిక్కు మరో రకం. డెన్మార్క్ లైను కరెంటు 25,000 వోల్టులు, 50 హెర్ట్జ్, మన రైళ్లు వాడేదే. స్వీడన్‌ది 15,000 వోల్టులు, 16.7 హెర్ట్జ్. డెన్మార్క్ రైళ్లు కుడి పట్టాల మీద నడుస్తాయి, స్వీడన్‌వి ఎడమ పట్టాల మీద. ఎవరూ తమ పద్ధతి మార్చుకోలేదు. రెండు కరెంట్లకూ పనికొచ్చే రైళ్లు చేయించారు, స్వీడన్ ఒడ్డు దగ్గర కరెంటు మారే చోటు పెట్టారు, కుడి ఎడమల మార్పిడి మాల్మో వైపు జరుగుతుంది. బండిలో చదువుకుంటున్న ప్రయాణికుడికి ఇదేదీ తెలియదు.

ఇంత శ్రమ ఫలించిందా? మాల్మో చెబుతుంది. 1980లలో కోకుమ్స్ ఓడల తయారీ ఆగిపోయాక ఊరు ఉపాధి లేక కుంగిపోయింది. ఆ యార్డులోని పెద్ద క్రేన్ ఒక్క డాలరుకు కొరియాకు అమ్ముడై 2002లో ఓడెక్కి పోయింది. ఆ రేవు నేల మీదే కొత్త పేట లేచింది, 1998లో మొదలైన విశ్వవిద్యాలయం వచ్చింది, టర్నింగ్ టోర్సో అనే 190 మీటర్ల భవనం నిలబడింది. కోపెన్‌హాగెన్‌లో అద్దెలు భరించలేని డేన్‌లు మాల్మోలో ఇల్లు తీసుకున్నారు. స్వీడన్‌వాళ్లు డెన్మార్క్ జీతాల కోసం రోజూ నీరు దాటారు. రెండు ఊళ్ల రేవులు 2001లో ఒకే సంస్థగా కలిశాయి. మందుల పరిశ్రమ, లుండ్ విశ్వవిద్యాలయం, కోపెన్‌హాగెన్ ఆసుపత్రులు కలిసి మెడికాన్ వ్యాలీగా ఎదిగాయి. లుండ్‌లో కడుతున్న యూరోపియన్ న్యూట్రాన్ పరిశోధన కేంద్రం సమాచారాన్ని విశ్లేషించే విభాగాన్ని కోపెన్‌హాగెన్‌లో పెట్టారు. వంతెన అప్పును తీర్చేది పన్నులు కాదు, దాటేవాళ్లు కట్టే సుంకం.

చట్టాలను అతికించడం కాంక్రీటును అతికించడంకన్నా కష్టమైంది. ఒక దేశంలో కాపురం, మరో దేశంలో కొలువు అంటే పన్ను ఎవరికి, పింఛను ఎవరిది, ఇంటి నుంచి పనిచేసిన రోజు ఎవరి లెక్కలోకి వస్తుంది? 2016 జనవరిలో శరణార్థుల రాకతో స్వీడన్ గుర్తింపు పత్రాల తనిఖీ పెట్టినప్పుడు, కోపెన్‌హాగెన్ నుంచి ఇంటికి వెళ్లే ఉద్యోగులు ఏడాదికి పైగా స్టేషన్లో వరసల్లో నిలబడ్డారు. రెండు దేశాలకూ పేరు ఒకటే అనిపించే క్రోనరే ఉన్నా నోట్లు వేరు, విలువ వేరు. 2003 నాటి పన్ను ఒప్పందాన్ని, ఇంటి నుంచి పని పెరిగాక, 2024లో తిరగరాశారు. అది 2025 నుంచి అమల్లోకి వచ్చింది. ఇంజినీర్లు ముందే ఊహించి చేసిన సర్దుబాటును రాజకీయ నాయకులు పాతికేళ్లకు చేశారు. ఆలస్యమైనా ఆ పనిని తక్కువ చేయను. రేపటి వ్యాపారం దాని మీదే ఆధారపడి ఉంది.

ఇప్పుడు దక్షిణాన డెన్మార్క్‌నూ జర్మనీనీ కలుపుతూ 18 కిలోమీటర్ల ఫెమార్న్ సొరంగం సిద్ధమవుతోంది. డెన్మార్క్‌లోని గ్రేట్ బెల్ట్ జలసంధి మీదుగా చుట్టు తిరిగి పోతున్న సరుకు రైళ్లకు 160 కిలోమీటర్లు తగ్గుతాయి. హాంబర్గ్, కోపెన్‌హాగెన్, మాల్మో ఒకే వాణిజ్య దారిలో పడతాయి. కాని ఆ సరుకంతా చివరకు ఓరెసుండ్ మీదున్న రెండే రెండు పట్టాల మీదికి వచ్చి పడుతుంది, అదే పట్టాల మీద ఉద్యోగుల రైళ్లూ నడవాలి. ఉత్తరాన డెన్మార్క్‌లోని హెల్సింగోర్, స్వీడన్‌లోని హెల్సింగ్‌బోర్గ్‌ల మధ్య మరో సొరంగం గురించి చాలా ఏళ్లుగా చర్చ నడుస్తోంది. వంతెన ఒప్పందం మీద 1991లో సంతకాలయ్యాయి, రైలు కదలడానికి మరో తొమ్మిదేళ్లు పట్టింది. ఆ లెక్కన చూస్తే, ఫెమార్న్ తెరుచుకున్నాక ఉత్తరాన దారి గురించి ఆలోచిస్తే ఆలస్యమే. రెండు ప్రభుత్వాలూ ఆ చర్చకు ఇప్పుడే ముగింపు పలకాలి.