అక్క కూతురా, తోడబుట్టిన అక్క కూతురా?

అనంతపురం జిల్లా శింగనమల వైపు మేనమామ అక్క కూతుర్ని చేసుకోవడం వింతేమీ కాదు. పొలం చీలిపోదు, పిల్ల కళ్లముందే ఉంటుంది, కరువు నేల మీద అవి చిన్న సంగతులు కావు. అలాంటి ఇంటి చరిత్రను, వంశపారంపర్య జబ్బుల గురించి కుటుంబాలకు సలహా చెప్పే జెనెటిక్ కౌన్సెలర్ కాగితం మీదికి ఎక్కించే తీరు గమనిస్తే, ఆ చదువులో ఎంత పనితనం ఉందో తెలుస్తుంది.

ఆ కాగితం మీది వంశపటంలో మగవాడికి చతురస్రం, ఆడమనిషికి వృత్తం. జబ్బున్నవారికి నల్లరంగు, పోయినవారి మీద ఏటవాలు గీత, దగ్గర చుట్టాల పెళ్లికి జంటగీత. కనీసం మూడు తరాలు గీయాలి, ఒక్కో తరం ఒక్కో వరసలో. మేనమామ పెళ్లి దగ్గరికొచ్చేసరికి ఈ చక్కటి పద్ధతి మొరాయిస్తుంది. పెళ్లికొడుకు రెండో వరసలో, పెళ్లికూతురు మూడో వరసలో ఉంటారు, జంటగీత మెట్టు దిగాలి. పెళ్లికూతురికి అత్తగారే అమ్మమ్మ. ఆమెను ఇద్దరు మనుషులుగా గీస్తే లెక్కంతా తప్పుతుంది.

ఆ లెక్క ఇది: తల్లిదండ్రులిద్దరికీ ఉమ్మడి పెద్దల నుంచి వచ్చిన ఒకే జన్యువు బిడ్డలో జంటగా చేరే అవకాశం మేనమామ పెళ్లిలో 1/8, మేనత్త కొడుకును చేసుకుంటే 1/16. ఇక్కడే నాకు ముచ్చటేసే ప్రశ్న వస్తుంది. మన వరసల్లో పెద్దమ్మ కూతురూ అక్కే. ‘అక్క కూతుర్నే చేసుకున్నా’ అనగానే రాసేసుకోకుండా ‘తోడబుట్టిన అక్కేనా?’ అని అడగాలి. పెద్దమ్మ కూతురైతే 1/8 కాస్తా 1/32 అవుతుంది. అమెరికా పుస్తకాల్లో ఈ ప్రశ్న దొరకదనుకుంటాను.

అలాగే ‘పిల్లలెందరు?’ అంటే బతికున్నవాళ్లనే లెక్కచెబుతారు. ‘కాన్పులెన్ని? నిలవనివేమైనా ఉన్నాయా?’ అంటేనే పురిట్లో పోయిన బిడ్డ కాగితం మీదికొస్తుంది.

ఈ విద్యకు మొదటి పీజీ కోర్సు 1969లో న్యూయార్క్ రాష్ట్రంలోని సారా లారెన్స్ కాలేజీలో మొదలైంది. మన దగ్గర హైదరాబాద్ కామినేని ఆస్పత్రి, కర్ణాటకలో మణిపాల్ వంటివి శిక్షణ ఇచ్చాయి. సాధారణంగా రెండేళ్లు. జన్యుశాస్త్రం, గణాంకాలు, ల్యాబ్ రిపోర్టులు చదవడం, మనస్తత్వ శాస్త్రం. ఆ తర్వాత అసలు పని: సీనియర్ పక్కన కూర్చుని, నిజమైన కుటుంబాలతో మాట్లాడటం. అమెరికాలో గుర్తింపున్న కోర్సులో కనీసం 50 కేసుల్లో విద్యార్థి స్వయంగా పాల్గొనాలి.

ఈ శిక్షణలో చేతికి రావాల్సిన అసలు పట్టు, తీర్పు చెప్పకపోవడం. థలసీమియా బిడ్డ పుట్టింది, అత్త కోడలిని అంటోంది. జన్యుదోషం భార్యాభర్తలిద్దరిలోనూ దాగి ఉందనీ, ఒక్కరి వల్ల ఈ జబ్బు రాదనీ కోడలి ఎదుటే అత్తకు అర్థం కావాలి. ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ముప్పు అంటే, ‘ఒకరికొచ్చింది కాబట్టి తర్వాతి ముగ్గురికీ రాదు’ అనుకునేవారు ఎక్కువ. ప్రతిసారీ లెక్క మొదటికే వస్తుందని, వాళ్ల నోటితోనే తిరిగి చెప్పించుకోవాలి. సొంతంలో ఎందుకు చేశారని దెప్పితే మాత్రం ఆ కుటుంబం మళ్లీ రాదు.

శింగనమలకు హైదరాబాద్ కంటే బెంగళూరే దగ్గర. అక్కడ సెంటర్ ఫర్ హ్యూమన్ జెనెటిక్స్ ఉంది. కానీ తోడబుట్టిన అక్కకూ వరస అక్కకూ తేడా అడగాలని తెలిసిన మనిషి అనంతపురం పెద్దాస్పత్రిలోనే కూర్చుంటే ఎంత బాగుండు!