రెండు నెలల బండి

సికింద్రాబాద్ లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో, పెయింట్ షాపులో, ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన ఇంట్లో టీవీ పక్కన గాజు పెట్టె ఒకటుంది. అందులో జర్మన్ ట్యాంకు. ఫిరంగి గొట్టంతో కలిపి కొలిస్తే జానెడు మీద ఓ వేలెడు. యుద్ధకాలపు ట్యాంకు మోడళ్లు నేను చూసినంతవరకు తుప్పు కారుతూ ఉంటాయి. దీని మీద ఎక్కడా తుప్పు మరక కనపడలేదు.

"తుప్పు వెయ్యలేదేమండీ?" అని అడిగాను.

"రెండు నెలల బండికి తుప్పెట్ల వస్తది సార్?" అన్నారాయన.

ఎనిమిది నెలలు ఆయన చేసిన పనంతా ఆ ఒక్క మాట మీద నిలబడి ఉందని, పెట్టె తెరిచి భూతద్దం చేతికిచ్చాక అర్థమైంది.

ఆయన చేసింది ఏదో ఒక టైగర్ ట్యాంకు బొమ్మ కాదు. టైగర్ 131 అనే ఒకే ఒక్క బండి, అదీ ఒకే ఒక్క రోజున ఉన్నట్టు. షాసీ నంబరు 250122. జర్మనీలోని కాసెల్‌లో హెన్షెల్ కర్మాగారంలో 1943 ఫిబ్రవరిలో తయారైంది. ఆ వసంతంలోనే సముద్రం దాటి ట్యునీషియా చేరి 504వ భారీ ట్యాంకు బెటాలియన్‌లో కలిసింది. 1943 ఏప్రిల్ 24న మెజెజ్ ఎల్ బాబ్ దగ్గర గెరియత్ ఎల్ అటాష్ అనే గుట్ట మీద, బ్రిటిష్ 48వ రాయల్ ట్యాంక్ రెజిమెంట్ చర్చిల్ ట్యాంకుల గుళ్లు తగిలి ఆగిపోయింది. సిబ్బంది బండిని పేల్చేయకుండానే దిగి పారిపోయారు. అలా చెక్కుచెదరకుండా దొరికిన టైగర్‌ను చూడటానికి ఆరో జార్జి రాజు, ప్రధాని చర్చిల్ కూడా వెళ్లారు. ఆ ఏడాది అక్టోబరులో ఇంగ్లండుకు తీసుకెళ్లి, ట్యాంకుల సాంకేతిక పాఠశాలలో విప్పి, కొలిచి, నివేదికలు రాశారు. 1951లో బోవింగ్టన్ ట్యాంక్ మ్యూజియానికి ఇచ్చారు. మరమ్మతుల తర్వాత 2003 నుంచి అది మళ్లీ నడుస్తోంది. 2014లో వచ్చిన ఫ్యూరీ సినిమాలో కనిపించే టైగర్ ఇదే. పట్టుబడిన తేదీ ఏప్రిల్ 21 అని, చోటు జెబెల్ జఫా అని చాలాకాలం అనుకున్నారు. తర్వాతి పరిశోధన రెండింటినీ సరిదిద్దింది. మోడల్ చేసేవాడికి ఇంతకంటే ఏం కావాలి? కొలతలున్నాయి, ఫొటోలున్నాయి, అసలు బండీ ఉంది. తప్పు చేస్తే దాచుకునే చోటు మాత్రం లేదు.

స్కేలు 1/35. వినడానికి వింతగా ఉండే ఈ లెక్కకు ఒక కథ ఉంది. జపాన్‌లోని షిజువోకాలో తమియా కంపెనీ 1960ల మొదట్లో మోటారుతో నడిచే పాంథర్ ట్యాంకు కిట్టు చేసింది. లోపల రెండు బ్యాటరీలు పట్టాలి కాబట్టి ఒళ్లు అంత పెట్టారు. అది అమ్ముడుపోయాక మిగతా ట్యాంకులు కూడా అదే పరిమాణంలో చేద్దామని కొలిస్తే ఇంచుమించు ముప్ఫై అయిదో వంతు తేలింది. ప్రపంచమంతా ఇవాళ వాడే స్కేలు అలా పుట్టింది.

పెద్దాయన బల్ల మీద ఈ లెక్క రోజూ పలుకుతూనే ఉంటుంది. మోడల్ మీద ఒక్క మిల్లీమీటరు మచ్చ పడిందంటే అసలు బండి మీద మూడున్నర సెంటీమీటర్ల పెచ్చు ఊడినట్టు. అర మిల్లీమీటరు ఇసుక రేణువు అంటుకుంటే అది గులకరాయి కింద లెక్క. కిట్టులో ఇచ్చిన బురద రేకులు ఒక మిల్లీమీటరు మందం ఉంటే, అసలు దాని మీద అవి మూడున్నర సెంటీమీటర్ల దిమ్మల్లా కనిపిస్తాయి. అందుకే వాటిని కోసేసి, కాగితమంత పల్చటి ఇత్తడి రేకును పట్టకారుతో వంచి పెట్టారు. ఒక రేకు మూల కొద్దిగా నలిగి ఉంది. అది కూడా ఫొటో చూసి నలిపిందే.

టైగర్ ఒళ్లు నిటారు పలకలతో కట్టిన పెట్టె. ముందు పలక వంద మిల్లీమీటర్ల ఉక్కు, పక్కలు ఎనభై. వంపులు తక్కువ కాబట్టి చేయడం తేలిక అనుకుంటాం. నిజానికి చదునైన చోటే కన్ను ముందు పడుతుంది. ప్లాస్టిక్ అద్దంలా నున్నగా ఉంటే అది ఉక్కులా కనపడదు. రోలింగ్ మిల్లులో సాగదీసిన ఉక్కుకు సన్నటి గరుకు ఉంటుంది. ప్లాస్టిక్ అతికించే పల్చటి జిగురును ఉపరితలం మీద రాసి, అది మెత్తబడ్డాక గట్టి కుంచెతో పొడుస్తూ పోయి, ఆరాక గరుకు కాగితంతో సగం వరకు మళ్లీ చెరిపేశారు. ఈ సగం చెరపడంలోనే నాకు పనితనం కనిపించింది. చాలామంది పొడవడంతో ఆగిపోతారు, ట్యాంకు నారింజ తొక్కలా తయారవుతుంది. ఇక్కడ వెలుతురు ఏటవాలుగా పడితే తప్ప గరుకు తెలియదు.

వెల్డింగ్ గీతల ముందు ఇంకా ఎక్కువ సేపు ఆగాను. కిట్టు ఫ్రేమును దీపం మీద వేడిచేసి లాగితే వెంట్రుకంత పోగు వస్తుంది. దాన్ని పలకల అతుకులో పెట్టి, జిగురుతో మెత్తబరిచి, బ్లేడు మొనతో పక్కపక్కనే నొక్కుకుంటూ వెళ్లారు. వెల్డర్ చెయ్యి ఆగిన చోట చిన్న ముడి, మళ్లీ మొదలైన చోట చిన్న ఎత్తు. వర్క్‌షాపులో వెల్డింగ్‌ను దగ్గరగా చూసిన మనిషి కాబట్టి, అన్నీ ఒకే తీరుగా ఉంటే అది అబద్ధమని ఆయనకు తెలుసు. ఫిరంగిని మోస్తూ పైన తిరిగే టరెట్ మాత్రం వేరు. దాని పక్కలూ వెనకా కలిపి ఒకే ఉక్కు పలకను గుర్రపు నాడాలా వంచి చేసింది. అక్కడ అతుకు ఉండకూడదు, లేదు.

చక్రాల గురించి చెప్పకపోతే టైగర్ గురించి చెప్పనట్టే. ఒక్కో పక్క ఎనిమిది ఇరుసులు, ఇరుసుకు మూడు చొప్పున ఇరవై నాలుగు చక్రాలు, ఒకదాని సందులో ఒకటి దూరి ఉంటాయి. మొత్తం నలభై ఎనిమిదింటికీ రబ్బరు అంచు విడిగా రంగు వేయాలి. లోపలి వరస ఎవరికీ కనపడదు. వేశారా అని అడిగితే బండిని తిరగేసి చూపించారు. వేశారు. చైను పక్కకు తొంభై ఆరు లింకులు. పైన ఆనించే చిన్న చక్రాలు ఈ బండికి లేవు కాబట్టి, చైను తన బరువుకు తానే కుంగి చక్రాల మీద వాలుతుంది. యాభై ఏడు టన్నుల బండి బరువు కంటికి తెలిసేది ఆ కుంగుబాటులోనే.

ఇక రంగు. ఇది ఆయన సొంత ఇలాకా.

ఆఫ్రికా బళ్లకు జర్మన్ సైన్యం 1941లో ఒక జత రంగులు, 1942 మార్చిలో మరో జత ఖరారు చేసింది. ట్యునీషియా టైగర్ల మీద ఉన్నది ఏ జత అన్న వాదన అభిమానుల్లో ఇంకా తెగలేదు. ఆయన రెండో జత, అంటే ఆర్‌ఏఎల్ అనే జర్మన్ రంగుల పట్టికలో 8020 గోధుమ రంగు, 7027 బూడిద రంగు ఎంచుకున్నారు. అడుగున మొదట ఎర్ర ప్రైమర్, దాని మీద గోధుమ, ఆపైన అంచులు మెత్తగా కలిసిపోయేలా బూడిద పట్టీలు. డబ్బాలోని రంగును ఉన్నదున్నట్టు వేస్తే చిన్న వస్తువు మీద అది ముదురుగా కనిపిస్తుంది కాబట్టి, కాస్త లేతగా చేసి ఎయిర్‌బ్రష్‌తో వేశారు. టరెట్ మీద తెల్ల అంచుతో ఎర్రటి 131. మొదటి కంపెనీ, మూడో ప్లటూన్, మొదటి బండి అని దాని అర్థం.

తుప్పుకు బదులు ఆయన వేసింది దుమ్ము. ట్యునీషియా అనగానే సహారా ఇసుక అనుకుని పసుపుపచ్చగా పూసేస్తారు చాలామంది. మెజెజ్ ఎల్ బాబ్ ఉన్నది ఉత్తరాన, మెజెర్దా నది లోయలో. ఏప్రిల్‌లో అక్కడ గోధుమ చేలు పచ్చగా ఉంటాయి, నేల గోధుమ వన్నె మట్టి. ఆ వన్నె పొడిని టర్పెంటైన్‌లో కలిపి, చక్రాల మధ్య మందంగా, పైకి పోయేకొద్దీ పలచగా పట్టించారు. పక్కల మీద నిలువు చారలు మూడు నాలుగే ఉన్నాయి. "కోచ్ మీద వాన నీళ్లు ఎట్ల జారుతయో ముప్పై ఏండ్లు చూసిన సార్. అన్ని దిక్కుల జారయి, మొలకో మూలకో తగిలిన కాడనే జారుతయి" అన్నారు. రంగు రాలిన చోట ఉక్కు కనిపించదు, ఎర్ర ప్రైమర్ కనిపిస్తుంది. అదీ సిబ్బంది బూట్లు ఆనే మెట్ల దగ్గర, మూతల అంచుల దగ్గర మాత్రమే. నేల మీద రాసుకునే చైను పళ్లు తళతళలాడుతున్నాయి.

ఒక్కచోట నాకు తృప్తి కలగలేదు. పక్కన కట్టిన లాగుడు తాడు మరీ తిన్నగా, పురికొసలా ఉంది. ఉక్కు తాడు అలా పడుకోదు. ఆ మాటంటే కాసేపు చూసి, రాగి తీగ మళ్లీ పేనతానన్నారు.

నాజీ సైన్యపు ఆయుధానికి ఇంత శ్రద్ధ ఎందుకని అడిగేవాళ్లుంటారు. ఆ వసంతంలో ట్యునీషియాలో మనవాళ్లూ ఉన్నారు. 4వ భారత డివిజన్ ఏప్రిల్ 6న వాదీ అకారిత్‌లో పోరాడింది. జర్మన్ సేనాని ఫాన్ ఆర్నిమ్ మే 12న లొంగిపోయింది ఆ డివిజన్‌కే. ఈ మోడల్ ఆ టైగర్ గొప్పతనం చాటడానికి చేసింది కాదు. అది ఓడిన రోజును ఉన్నదున్నట్టు చూపడానికి చేసింది.

అందుకే గాయాలన్నీ ఉన్నాయి. ఫిరంగి గొట్టం కింద గుండు గీసుకుపోయిన గాడి, టరెట్‌ను ఎత్తడానికి ఉండే కొక్కెం దెబ్బతిన్న చోటు, పైన లోడర్ మూత మీద దెబ్బ. గొట్టం కింద తగిలిన గుండే జారి టరెట్ సందులో ఇరుక్కుని, దాన్ని తిరగకుండా చేసింది. ఏ కిట్టులోనైనా టరెట్ తిరుగుతుంది, పిల్లలకు అదే సరదా. ఆయన మనవడు నా ముందే రెండు వేళ్లతో తిప్పబోయాడు. అది కదల్లేదు. పెద్దాయన దాన్ని జిగురు పెట్టి అతికించేశారు.