విజయవాడ 837, విశాఖ 927, విమానం 118.005

పెద్దాపురంలో మీడియం వేవ్ రేడియో విన్న తరానికి రెండు అంకెలు నోటికొచ్చు: విజయవాడ 837, విశాఖపట్నం 927. రెండింటినీ 9తో భాగించి చూడండి, శేషం రాదు. హైదరాబాదు 738 కూడా అంతే. 1978 నవంబరు నుంచి మన వైపు మీడియం వేవ్ స్టేషన్లను 9 కిలోహెర్ట్జ్‌ల ఎడంతో సర్దారు. పొలాల మధ్య గట్టులాంటిదే ఆ ఎడం. కంప్యూటర్‌లో ఫ్లైట్ సిమ్యులేటర్ పెట్టుకుని రాజమండ్రి విమానాశ్రయమున్న మధురపూడి నుంచి విమానం లేపే కుర్రాళ్లు తికమకపడేది కూడా ఇలాంటి ఎడం లెక్క దగ్గరే.

విమానాల మాటలు 118 నుంచి 137 మెగాహెర్ట్జ్‌ల మధ్య నడుస్తాయి. అక్కడ ఎడం మొదట్లో 200 కిలోహెర్ట్జ్‌లు. రద్దీ పెరిగేకొద్దీ 100, 50, చివరికి 25 అయింది. 25తో 760 ఛానళ్లు వస్తాయి. యూరప్‌కు అవీ చాలలేదు. అందుకని 25ను మూడు ముక్కలు చేసి, 8.33 కిలోహెర్ట్జ్‌ల ఎడం పెట్టారు. 1999లో 24,500 అడుగుల పైన మొదలుపెట్టి, తర్వాత కిందికీ దించారు. గొంతును 2,500 హెర్ట్జ్‌ల దగ్గర కత్తిరిస్తే, ఏ.ఎం. పద్ధతిలో దానికి రెట్టింపు, అంటే 5 కిలోహెర్ట్జ్‌ల చోటు సరిపోతుంది. పాటకు చాలదు గానీ, దిగడానికి అనుమతి ఇచ్చే మాటకు చాలు.

అసలు చిక్కు అంకెల్లో ఉంది. 118.000, 118.005 రెండూ ఒకే ఫ్రీక్వెన్సీ. మొదటిది 25 ఎడంతో, రెండోది 8.33 ఎడంతో వినమని రేడియోకు చెప్పడం. 118.010 అంటే నిజానికి 118.0083, 118.015 అంటే 118.0167. 118.020 అనే ఛానలే లేదు, నాబ్ తిప్పితే నేరుగా 118.025కు దూకుతుంది. చివర 20, 45, 70, 95 వచ్చే ఛానళ్లు ఎక్కడా ఉండవు. నాబ్ పాడైందనుకోకండి!

మైక్రోసాఫ్ట్ పాత సిమ్యులేటర్ ఎఫ్‌ఎస్‌ఎక్స్‌కు 25 ఎడం ఒక్కటే తెలుసు. చివరి అంకెను కూడా మింగేసి 118.02 అని చూపించేది, అది 118.025. ఎక్స్‌ప్లేన్ 11, మైక్రోసాఫ్ట్ 2020 సిమ్యులేటర్లకు రెండూ వచ్చు. గార్మిన్ 430 రేడియోలో ఆక్స్ పేజీల్లోని సెటప్‌కు వెళ్తే ఛానల్ స్పేసింగ్ కనిపిస్తుంది: 25 లేదా 8.33. ఇది 25 మీద ఉండిపోతే యూరప్‌లో కంట్రోలర్ ఇచ్చిన 8.33 ఛానల్‌ను ఎంత తిప్పినా పట్టలేరు.

ఎఫ్‌.ఎం. ఉండగా పాతకాలపు ఏ.ఎం. ఎందుకని అడుగుతారు. ఎఫ్‌.ఎం.లో బలమైన గొంతు బలహీనమైనదాన్ని పూర్తిగా మింగేస్తుంది, మింగిన సంగతే తెలియదు. ఏ.ఎం.లో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే కీచుమంటుంది; ఇంకెవరో పిలుస్తున్నారని అందరికీ తెలుస్తుంది. నా మటుకు ఆ కీచుశబ్దమే ఈ పద్ధతికున్న పెద్ద విలువ. సిమ్యులేటర్ పైలట్లను ఆన్‌లైన్‌లో కలిపే, 2001లో మొదలైన వాట్సిమ్‌లో స్వచ్ఛందంగా కంట్రోలర్లుగా కూర్చునేవాళ్లతో మాట్లాడేటప్పుడు కూడా ముందు విని, ఖాళీ చూసుకుని నోరు విప్పాలి. ఛానల్‌ను తిరిగి చెప్పేటప్పుడు ఆరు అంకెలూ పలకాలి. చివరి రెండూ సున్నాలైతేనే వాటిని వదిలేయవచ్చు.

రాజమండ్రి నుంచి హైదరాబాదు ఎగిరితే 25 చాలు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగాలనుకుంటే మాత్రం, బయలుదేరకముందే సెటప్‌లో 8.33 పెట్టుకోండి.