జ్ఞాపకాన్ని తూచే పనితనం

బ్రాహ్మీ ఘృతం వండడం తెలిసిన వైద్యుడు పొయ్యి దగ్గర గడియారం చూడడు. బ్రాహ్మి రసం, వస, చంగల్వకోష్టు, శంఖపుష్పి వేసిన నెయ్యి సన్నని సెగ మీద కాగుతుంటే, గరిటెకు అంటిన ముద్దను కాస్త తీసి రెండు వేళ్ళ మధ్య నలుపుతాడు. అది వేళ్ళకు అంటకుండా వత్తిలా రావాలి. ఆ వత్తిని నిప్పులో వేస్తే చిటపటమనకూడదు. అందంటే లోపల తడి ఇంకా ఉన్నట్టే. నెయ్యి మీది నురగ అణగిపోవాలి. తైలమైతే దీనికి విరుద్ధంగా నురగ పొంగాలి.

ఇంత పట్టుగా వండే ఈ ఘృతాన్ని చరక సంహిత చెప్పింది ఉన్మాదానికీ, అపస్మారానికీ. ఇవాళ సికింద్రాబాద్‌లో ఆయుర్వేద దుకాణానికి వెళ్ళి “నాన్నగారికి మతిమరుపు ఎక్కువైందండీ” అంటే సరస్వతి లేహ్యమో, బ్రాహ్మి మాత్రలో చేతికొస్తాయి. మందు పాకాన్ని పరీక్షించే విద్య మనవాళ్ళకు బాగా తెలుసు. ఆ మందు వేసుకున్న మనిషి జ్ఞాపకాన్ని ఎవరు, ఎలా పరీక్షించారు? నాకు ఆసక్తి అక్కడే.

చిక్కు మొక్క దగ్గరే మొదలవుతుంది. మనం సరస్వతి ఆకు అని పిలిచేది గుండ్రటి ఆకులతో నేలబారున పాకే మొక్క. పరిశోధకులు ఎక్కువగా పట్టుకున్నది వేరొకటి: చెరువు గట్ల తడిలో పెరిగే, చిన్న మందపాటి ఆకుల నీటి బ్రాహ్మి. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ దానిలోని బకోసైడ్లనే పదార్థాల మీద ఏళ్ళ తరబడి పనిచేసింది. ఏ మొక్కో తేల్చకుండా “బ్రాహ్మి మంచిది” అనడంలో అర్థం లేదు.

2002లో ఆస్ట్రేలియాలో స్టీవెన్ రూడెన్‌రైస్ బృందం ప్రచురించిన ప్రయోగం చిన్నదే గానీ ముచ్చటైనది. 40 నుంచి 65 ఏళ్ళ మధ్యవాళ్ళు 76 మంది. మూడు నెలలపాటు కొందరికి నీటి బ్రాహ్మి, మిగతావాళ్ళకు ఉత్తుత్తి మాత్ర. ఎవరిది ఏదో వాళ్ళకూ తెలియదు, పరీక్ష పెట్టేవాళ్ళకూ తెలియదు. పెట్టిన పరీక్షల్లో ఒకటి, పొంతన లేని మాటల్ని జంటలుగా నేర్పడం. మన భాషలో “చెంబు, రైలు” అనుకోండి. కాసేపయ్యాక “చెంబు” అని ఆగితే అవతలి మనిషి “రైలు” అనాలి. నేర్చుకునే వేగంలో మార్పేమీ లేదు. నేర్చుకున్నది జారిపోవడం మాత్రం తగ్గింది. జ్ఞాపకశక్తి పెరిగిందని ఒక్క ముక్కలో ఊదరగొట్టకుండా, నేర్వడాన్నీ నిలుపుకోవడాన్నీ విడదీసి చూపిన నేర్పు నాకు నచ్చింది. అయితే వాళ్ళంతా ఆరోగ్యవంతులు. అల్జైమర్స్ రోగుల సంగతి దీనివల్ల తేలదు.

తెలుగు పెద్దల్లో ఆ సంగతి తేల్చాలంటే కొలబద్దనే మనకు తగ్గట్టు చేసుకోవాలి. కేంబ్రిడ్జ్‌లో పుట్టిన ఆడెన్‌బ్రూక్స్ పరీక్షకు 100 మార్కులు. అందులో జ్ఞాపకానికి 26, భాషకు 26. దాన్ని ఉన్నదున్నట్టు తెలుగులో పెడితే కుదరదు. బడి మొహం చూడని ముసలమ్మను వాక్యం రాయమని, రాయలేదని మార్కులు కోస్తే, చదువు లేకపోవడాన్ని జబ్బు ఖాతాలో వేసినట్టే. అప్పట్లో హైదరాబాద్ పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రిలో న్యూరాలజిస్ట్‌గా ఉన్న సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు ఈ చిక్కులతోనే కుస్తీ పట్టారు.

వాళ్ళు 2013లో ‘న్యూరాలజీ’ పత్రికలో ప్రచురించిన అధ్యయనం మూలికల గురించి కాదు. అయినా మూలికల పరిశోధకులు పక్కన పెట్టుకోవలసిన పని అది. డిమెన్షియా రోగులు 648 మంది, వారిలో 391 మందికి కనీసం రెండు భాషలు వచ్చు. ఒక్క భాషే వచ్చినవారికంటే వీరిలో లక్షణాలు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలయ్యాయి. అంతకుముందు టొరంటోలో ఇలాంటి ఫలితమే వస్తే, అక్కడి ద్విభాషుల్లో చాలామంది వలస వచ్చినవాళ్ళు కదా, తేడా వలస వల్లేమో అన్నారు విమర్శకులు. జంటనగరాల్లో ఆ పేచీ లేదు. ఇంట్లో తెలుగు, బజారులో ఉర్దూ, ఆఫీసులో ఇంగ్లిష్ మాట్లాడడానికి ఇక్కడ ఎవరూ సముద్రాలు దాటనక్కర్లేదు. పోనీ, చదువు వల్లేమో? నిరక్షరాస్యులను విడిగా లెక్కగట్టారు. అక్కడ తేడా ఆరేళ్ళు! మూడో భాష, నాలుగో భాష వచ్చినా అదనపు లాభం కనబడలేదని కూడా దాచకుండా చెప్పారు. ఎదుటివాడు అడగబోయే ప్రశ్నను తామే ముందు అడుక్కోవడం పరిశోధనలో అసలైన పనితనమని నా అభిప్రాయం.

మొక్కల మందు ఇలాంటి పరీక్షల్లో నెగ్గలేదని కాదు. స్నోడ్రాప్ అనే చలిదేశపు పూలమొక్క జాతి నుంచి బయటపడ్డ గాలంటమైన్‌ను 2001లో అమెరికా అల్జైమర్స్‌కు ఆమోదించింది. అది జబ్బును మాన్పదు, కొంతకాలం లక్షణాలను తేలికపరుస్తుంది. నీటి బ్రాహ్మికి అల్జైమర్స్ విషయంలో అంత గట్టి రుజువు ఇంకా రాలేదు.

మీ ఇంట్లో పెద్దవాళ్ళకు మతిమరుపు పెరుగుతుంటే లేహ్యం సీసా కొనే ముందు న్యూరాలజిస్ట్‌కు చూపించండి. బి12 లోపం, థైరాయిడ్ తేడా కూడా మతిమరుపు తెస్తాయి, వాటికి మందుంది. నీటి బ్రాహ్మి కొందరికి కడుపులో వికారం చేస్తుంది. ఇప్పటికే వాడుతుంటే ఆ సీసాను కూడా డాక్టరు దగ్గరకు పట్టుకెళ్ళండి.