విత్తువేళ: కార్తె మాట, యంత్రపు మాట

విత్తుట యెప్పుడను ప్రశ్నకు తెలుగు కర్షకుడు తరతరములుగా కార్తెలను ఆశ్రయించెను. సూర్యుడు 27 నక్షత్రములలో ఒక్కొక్కదానియందు 13, 14 దినములు నిలుచు కాలమే కార్తె. మృగశిర జూన్ 8 ప్రాంతమునను, ఆరుద్ర 22 ప్రాంతమునను ప్రవేశించును. ఈ గణనపై అల్లుకొన్న సామెతలను మనము జానపద వాఙ్మయముగా చదువుచున్నాము. నేడు అదే పనికి సెల్‌ఫోనులో వచ్చు సందేశమను క్రొత్త వాక్యము పుట్టినది. దానినిగూడ విమర్శదృష్టితో పరీక్షింపదగును. వాక్యమును బోధించునపుడు, ఇది ఎవరు ఎవరితో పలికిన మాట అని బాలురను అడుగుదుము. ఇచటను అదియే ప్రశ్న.

2016 లో కర్నూలు జిల్లా దేవనకొండ మండలమున ఇక్రిసాట్, మైక్రోసాఫ్టు సంస్థలు కలసి 175 మంది వేరుసెనగ రైతులకు తెలుగులో సందేశములు పంపినవి. దశాబ్దముల వాతావరణ వివరములను కంప్యూటరుచే గణింపించి, తొలి జల్లులకు త్వరపడక జూన్ చివరి వారమువరకు ఆగుడని సూచించినవి. ఆగినవారికి దిగుబడి సుమారు 30 శాతము హెచ్చినదని ఆ సంస్థలు ప్రకటించినవి. జూన్ చివరి వారమనగా పంచాంగమున ఆరుద్ర కార్తెయే. కావున యంత్రము కార్తెను ఓడించినదనుటగాని, యంత్రపు మాట వట్టి బూటకమనుటగాని తొందరపాటగును. వానలు గతి తప్పిన యేట కార్తె తనను తాను దిద్దుకొనలేదు, గణన దిద్దుకొనగలదు. ఈ గుణమును ఒప్పుకొనవలసినదే.

అయినను ఆగగలవా రెవ్వరు? ఎఱ్ఱనేలలో పదును కొలది దినములే నిలుచును. సొంత ట్రాక్టరు గలవాడు చెప్పిన దినముననే విత్తగలడు. బాడుగకు తెచ్చుకొనువాడు తన వంతు వచ్చువరకు వేచియుండవలెను. వేరుసెనగకు విత్తనపు ఖర్చు పెద్దది. అప్పు తెచ్చి విత్తనము కొన్నవానికి అప్పిచ్చినవాని మాటయు త్రోయరానిది. కాయలొలిచి గింజలేరు ఇల్లాలికి సేద్యమున పాలు కలదు గాని, ఫోను తఱచు మగవాని జేబులో నుండును. సందేశములోని ‘మీరు’ ఒక్కరే. పొలములోని నిర్ణయము పలువురిది. కావున దిగుబడిలోని భేదమంతయు విత్తిన తేదీదేనా, ఆగగల స్తోమతదికూడనా అని విచారింపక తీర్పు చెప్పరాదు.

కౌలుదారుని సంగతి మఱింత విచారణీయము. ఆంధ్రప్రదేశమున 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టము కౌలుదారునకు 11 నెలల పత్రమును కల్పించినది. అయితే దానికి భూయజమాని సమ్మతిని విధించినది. పట్టాలను బట్టి జాబితా కూర్చినచో, విత్తుడను సందేశము పట్టణమున నివసించు యజమానికి చేరి, నాగలి పట్టినవానికి చేరకపోవచ్చును.

వేఱొక మార్గము కలదని చూపుటకు దూరము పోనక్కరలేదు. 1988 లో ఈ చెన్నపట్టణమున నెలకొన్న ఎం. ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ 1998 లో పుదుచ్చేరి ప్రాంతపు పల్లెలలో విజ్ఞానకేంద్రములను ఆరంభించెను. వీరంపట్టిణమను జాలరిపల్లెలో అలల యెత్తును కంప్యూటరు ద్వారా తెలిసికొని ధ్వనివర్ధకములతో చాటెడివారు. పడవ గలవానికిని, కూలికి పోవువానికిని, ఒడ్డుననున్న యిల్లాలికిని ఆ మాట ఒక్కసారే వినవచ్చును. నలుగురు వినిన మాటను నలుగురు తర్కింపవచ్చును. కార్తె సామెతకుగూడ బలము అట్టిదే: అది ఊరి సొత్తు, ఎవడైనను దానిని కాదనవచ్చును.

విత్తువేళ చెప్పు సందేశమునకు ఈ మూడు లక్షణములు ఉండవలెనని నా మనవి. అది రచ్చబండ యొద్ద చదువబడవలెను. సేద్యము చేయువాని పేరు, పట్టా లేకున్నను, జాబితాలో నుండవలెను. వెనుకటి పదియేండ్లలో ఆ గణన ఎన్ని యేండ్లు ఫలించెడిదో, ఎన్ని యేండ్లు తప్పెడిదో వాక్యముననే తెలుపవలెను. మాట తప్పిన యేట చెప్పినవానికి విత్తనము పోదు, విత్తినవానికే పోవును. కావున ఆ లెక్కను ముందుగా అడుగు హక్కు విత్తువానిదే.