ఒక వింగర్ వెనుక పదుగురు

ఫుట్‌బాల్ ఆటలో ప్రేక్షకుల కన్నులను మొదట ఆకర్షించువాడు వింగర్. పక్కగీత వెంబడి పరుగెత్తి, ఎదురువచ్చిన రక్షకుని ఒక్క మెలికతో దాటి, గోలు ముంగిటికి అతడు బంతిని పంపునప్పుడు మైదానమంతయు మారుమ్రోగును. అయితే ఆ పరుగు ఫలించుటకు వలసిన బలము అతని పాదములలో కొంతయే యుండి, తక్కిన పదుగురియందు అధికముగా నుండునను సత్యమును ఆచరణలో చూపిన మహాశిక్షకుడు హైదరాబాదువాడైన సయ్యద్ అబ్దుల్ రహీం.

1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుమార్లు రోవర్స్ కప్పు గెలిచిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు ఆయన చేతిలో రూపొందినదే. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించి, రాజధాని కర్నూలునుండి హైదరాబాదునకు తరలినప్పుడు ఆ క్రీడాసంప్రదాయము రాయలసీమవాసులకును స్వకీయమైనది. ఆ నెలలోనే ఆరంభమైన మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో రహీం తీర్చిదిద్దిన భారతజట్టు నాలుగవ స్థానము నందెను.

వింగర్ బంతి నందుకొను క్షణమును పరిశీలింపుడు. ఎదుట ఒక్క ఫుల్‌బ్యాక్ యున్నచో అతడు దాటగలడు. ఇరువురున్నచో దాటుట దుర్లభము. ఆ రెండవవానిని తనవైపు లాగుకొనిపోవువాడు ఇన్‌సైడ్ ఫార్వర్డ్. సకాలమున పాదమునకు బంతి నందించువాడు హాఫ్‌బ్యాక్. వచ్చిన బంతిని తలతో గోలులోనికి మలచువాడు సెంటర్ ఫార్వర్డ్. వీరిలో నొక్కడు లోపించినను వింగర్ నైపుణ్యము వ్యర్థప్రదర్శనమగును. రహీం డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలను, బలహీనమైన కాలితోనే ఆడవలసిన పోటీలను నడపుటలోని మర్మమిదియే: బంతిని తనయొద్ద నుంచుకొనరాదని తెలిసిన బాలుడు, అది రాకమునుపే సహచరుడెక్కడనున్నాడో చూచుట నేర్చును.

1962 జకార్తా ఆసియా క్రీడలలో ఈ విద్య పరిపక్వమైనది. కుడివైపు పి.కె. బెనర్జీ, ఎడమవైపు సికింద్రాబాదు అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం, నడుమ చునీ గోస్వామి, యూసుఫ్ ఖాన్ ఉండగా, రక్షకుడైన జర్నైల్ సింగును, తలకు గాయమై కుట్లుపడి యున్నను, రహీం ముందువరుసకు తెచ్చెను. రెండు అంచులనుండి వచ్చు బంతులకు గోలు ముందొక దృఢకాయుడు కావలసియుండెను. తొలిపోటీలో 0-2తో తమ్మోడించిన దక్షిణ కొరియాను, సెప్టెంబరు 4నాటి తుదిపోటీలో భారతజట్టు 2-1తో గెలిచినది. ఆ రెండు గోలులలో ఒకటి బెనర్జీది, మరియొకటి జర్నైల్ సింగుది. అంతకు నాలుగేండ్ల ముందు బ్రెజిల్ ప్రపంచకప్పు గెలిచినప్పుడును, కుడివైపు గరించా స్వేచ్ఛగా చెలరేగుటకు, ఎడమ వింగర్ జగాలో వెనుకకు దిగి మధ్యభాగమును కాచుటయు ఒక కారణము.

కర్నూలు, కడప సీమలలోని గట్టి మొరపనేలపై బంతి ఎగిరి దూరముగా పోవును గనుక, పాదమునకు తిన్నగా అందించు సహచరుని విలువ ఇచ్చట మరింత హెచ్చు. వేగముగల బాలుని అంచున నిలిపి, బంతిని దవ్వుగా తన్ని, గెలిపింపుమనుట అతని ప్రతిభకు చేయు అన్యాయము. అతనికి బంతినిచ్చు కాలిని, అతడిచ్చిన బంతి నందుకొను తలను ముందుగా సిద్ధపరచిన శిక్షకుడే మంచి వింగర్‌ను తయారుచేయగలడు.