కొత్త వర్షన్ రాకముందే

కొత్త బ్రౌజర్ వర్షన్ వచ్చాక చూద్దాంలే అనుకునే డిజైనర్‌కి తీరా వచ్చాక చూసే వ్యవధి ఉండదు. మన సైట్‌లో ఏది చెడిందో మనకంటే ముందు సైట్ వాడేవాళ్లకే తెలుస్తుంది. నేనీ పనిలో గట్టిగా నమ్మేది ఒకటే. టెస్టింగ్‌లో సగం పైగా, కొత్త వర్షన్ ఇంకా బీటాలో ఉండగానే పూర్తి కావాలి.

ఒకప్పుడు దీనికి తీరిక ఉండేది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 వచ్చింది 2001లో, ఏడో వర్షన్ 2006 అక్టోబర్‌లో. ఆ ఐదేళ్లలో డిజైనర్లు ఆరో వర్షన్ లోపాల్ని దాటడానికి సీఎస్ఎస్‌లో రకరకాల హ్యాక్‌లు కనిపెట్టారు. వాటిలో చాలావరకు ఆ బ్రౌజర్‌లోని మరో లోపం మీద ఆధారపడినవే. ఏడో వర్షన్ ఆ లోపాల్ని సరిదిద్దితే హ్యాక్‌లు పనిచెయ్యవు, పేజీలు చెదిరిపోతాయి. అందుకే విడుదలకి ఏడాది ముందే, 2005 అక్టోబర్‌లో, ఆ హ్యాక్‌లు తీసెయ్యమని మైక్రోసాఫ్ట్ బృందం డిజైనర్లని బహిరంగంగా కోరింది. రెండు వర్షన్లూ ఒకే విండోస్‌లో సవ్యంగా ఇమిడేవి కావు కాబట్టి, పాతదాన్ని వర్చువల్ మెషీన్‌లో నడుపుకునే ఏర్పాటు కూడా ఉచితంగా ఇచ్చింది.

ఇప్పుడంత గడువు లేదు. 2021 సెప్టెంబర్‌లో వచ్చిన 94వ వర్షన్ నుంచి క్రోమ్ నాలుగు వారాలకోసారి మారడం మొదలుపెట్టింది. ఫైర్‌ఫాక్స్ అంతకు ఏడాదికి పైగా ముందే ఆ దారి పట్టింది. కాబట్టి తయారీ అంటే ఎప్పుడో ఒకసారి చేసే హడావుడి కాదు, రోజువారీ అలవాటు. నా మెషీన్‌లో మామూలు క్రోమ్ పక్కనే క్రోమ్ బీటా, ఫైర్‌ఫాక్స్ డెవలపర్ ఎడిషన్, సఫారీ టెక్నాలజీ ప్రివ్యూ ఉంటాయి. క్రోమ్ కానరీ కూడా ఉంది కానీ అది దాదాపు రోజూ మారుతుంది. రాబోయేదాని వాసన పట్టడానికి పనికొస్తుంది తప్ప, దాన్ని బట్టి తీర్పు చెప్పకూడదు. రిలీజ్ నోట్స్ తెరిచినప్పుడు కొత్తగా ఏమొచ్చాయా అని చూడబుద్ధవుతుంది. నేను మాత్రం ముందు ఏం తీసేశారో చదువుతాను. కొత్తవి రేపు నేర్చుకోవచ్చు, తీసేసినవి ఈ రోజే మన సైట్‌ని తాకుతాయి.

అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూస్తే తెలుస్తుంది. సైట్ అలా కాదు. హోమ్ పేజీ చక్కగా కనిపించినంత మాత్రాన లోపల అన్నీ బాగున్నట్టు కాదు. అందుకే టెస్టింగ్‌కి పేజీల జాబితా కంటే పనుల జాబితా రాసుకోమంటాను. లాగిన్ అవ్వాలి, వెతకాలి, ఫారం నింపాలి, ఫైల్ అప్‌లోడ్ చెయ్యాలి, డబ్బు కట్టాలి.

డబ్బు కట్టడం గురించి కాస్త వివరంగా చెప్పాలి. 2020 ఫిబ్రవరిలో క్రోమ్ 80తో కుకీల నియమం మారడం మొదలైంది. తన కుకీని ఫలానా విధంగా పంపమని సైట్ స్పష్టంగా చెప్పకపోతే, వేరే సైట్ నుంచి ఫారం రూపంలో వచ్చే అభ్యర్థనతో బ్రౌజర్ ఆ కుకీని పంపదు. దుకాణం సైట్ నుంచి బ్యాంకు పేజీకి వెళ్లి, ఓటీపీ కొట్టి, తిరిగి దుకాణానికి వచ్చే దారిని ఊహించుకోండి. ఆ తిరుగు ప్రయాణం ఫారం పోస్ట్ అయితే, లాగిన్ కుకీ వెంట రాదు. డబ్బు కట్టి వచ్చిన మనిషిని దుకాణం గుర్తుపట్టదు. ఇలాంటి చోట్ల దెబ్బ తగలకూడదని క్రోమ్ ఒక తాత్కాలిక వెసులుబాటు ఇచ్చింది. అప్పుడే పెట్టిన కుకీకి రెండు నిమిషాల వరకు ఈ నియమం వర్తించదు. చిక్కంతా ఇక్కడే ఉంది. టెస్ట్ చేసేవాడు లాగిన్ అయిన వెంటనే చకచకా కొని చూసుకుంటాడు, అంతా పనిచేస్తుంది. అసలు కొనుగోలుదారు అరగంట సరుకులు చూసి, ఇంట్లో అడిగి, అప్పుడు కడతాడు. అతనికే అడ్డం తిరుగుతుంది. టెస్టింగ్ నిదానంగా, మనుషులు వాడే తీరులో చెయ్యాలని జూనియర్లకి చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నేనీ ఉదాహరణే చెబుతాను. కోవిడ్ మొదలయ్యాక, అత్యవసర సైట్లు ఆగిపోకూడదని గూగుల్ ఆ ఏప్రిల్‌లో ఈ కుకీల మార్పుని వెనక్కి తీసుకుని, మళ్లీ జూలైలో మొదలుపెట్టింది.

వర్షన్ నంబర్ కూడా సైట్లని పడగొట్టగలదు. ప్రతి బ్రౌజర్ తన పేరూ నంబరూ సైట్‌కి చెప్పుకుంటుంది. ఒపేరా పదో వర్షన్‌కి చేరేసరికి, కొన్ని సైట్లు మొదటి అంకె ఒక్కటే చదివి దాన్ని ‘1’ అనుకున్నాయి. దాంతో ఒపేరా తనని 9.80గా చెప్పుకుని, అసలు నంబరుని చివర్లో చేర్చింది. 2022లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ 100కి చేరుతున్నప్పుడు ఆ పాఠం గుర్తుంచుకున్నారు. 96వ వర్షన్ నుంచే క్రోమ్‌లో ‘నేను 100’ అని చెప్పించే సెట్టింగ్ పెట్టారు. ఎవరి సైట్‌ని వాళ్లు నెలల ముందే పరీక్షించుకోగలిగారు, ఆ మైలురాయి పెద్ద గొడవ లేకుండా దాటింది. నా మటుకు బ్రౌజర్ పేరు అడిగే కోడ్ ఎక్కడ కనిపించినా తీసేయిస్తాను. పేరుతో పనేముంది? ఫలానా సదుపాయం ఉందా అని అడిగితే చాలు.

ఇక మన అక్షరాల సంగతి. ఏ బ్రౌజర్ కంపెనీ ఎంత టెస్టింగ్ చేసినా, మన సైట్‌లో మన ఫాంట్‌తో తెలుగు ఎలా కనిపిస్తుందో చూసే బాధ్యత మనదే. ఇందుకోసం ఒక పేజీ తయారుచేసుకున్నాను. స్త్రీ, రాష్ట్రం, జ్యోత్స్న, కర్ఫ్యూ, జ్ఞానం లాంటి మాటలు శీర్షికలోనూ, బటన్‌లోనూ, మెనూలోనూ, ఇరుకైన కాలమ్‌లోనూ ఉంటాయి. ఇంగ్లీషుకి సరిపోయే లైన్ హైట్ పెడితే ‘ష్ట్ర’లో కింది ఒత్తు తర్వాతి వరసని తాకుతుంది. బటన్ ఎత్తు బిగించి, మించినది దాచెయ్యమని రాస్తే ఆ ఒత్తు తెగిపోతుంది. పేరా మొదటి అక్షరాన్ని పెద్దది చేసినప్పుడు ‘స్త్రీ’ మొత్తం పెరుగుతోందా, ముక్కలవుతోందా చూడాలి. వెబ్ ఫాంట్ దిగకపోతే ఏమవుతుందో కూడా చూడాలి. అప్పుడు పాత విండోస్‌లో గౌతమి, కొత్త విండోస్‌లో నిర్మల ఫాంట్లు ప్రత్యక్షమవుతాయి. వాటి ఎత్తూ వెడల్పూ వేరు కాబట్టి మెనూ రెండో వరసలోకి జారవచ్చు.

ఇది అందచందాల విషయం అనుకునేవాళ్లకి 2018 ఫిబ్రవరి గుర్తుచేస్తాను. ‘జ్ఞా’ అనే అక్షరాన్ని, మధ్యలో కంటికి కనపడని ఒక యూనికోడ్ గుర్తుతో రాస్తే, ఐఫోన్‌లో దాన్ని చూపించబోయిన యాప్ కుప్పకూలేది. ఆపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది. ఒక్క తెలుగు అక్షరం అంత పని చేసింది.

దోషం కనిపిస్తే మన సైట్‌లో అతుకు వేసుకుని ఊరుకోకుండా, బ్రౌజర్ తయారుచేసేవాళ్లకి రాయాలి. అదే 2018లో జావాస్క్రిప్ట్‌లో ‘ఫ్లాటెన్’ అనే కొత్త సదుపాయం ఫైర్‌ఫాక్స్ రోజువారీ ప్రయోగ వర్షన్ నైట్లీలోకి వచ్చింది. దానివల్ల ఒక సైట్ చెడిపోయిందని తేలింది. కారణం వెతికితే, మూటూల్స్ అనే పాత లైబ్రరీ అదే పేరుతో తన సొంత ఫంక్షన్ పెట్టుకుంది. చివరికి పాత సైట్లని చెడగొట్టకుండా, కొత్త సదుపాయం పేరునే ‘ఫ్లాట్’ అని మార్చారు. విడుదలయ్యాక అయితే అది అంత సులువుగా జరిగేది కాదు.

బగ్ రాయడం కూడా నేర్చుకోవాల్సిన పనే. మొత్తం సైట్ లింకు ఇచ్చి ‘తెలుగు సరిగా రావట్లేదు’ అంటే ఎవరూ ఏమీ చెయ్యలేరు. దోషం కనిపిస్తున్నంత వరకు పేజీలోంచి ఒక్కొక్కటీ తీసేస్తూ పోవాలి. చివరికి పది లైన్ల కోడ్, ఒక మాట, ఒక ఫాంట్ మిగలాలి. పాత వర్షన్‌లో ఎలా ఉంది, బీటాలో ఎలా ఉంది, రెండు స్క్రీన్‌షాట్లు పక్కపక్కన పెట్టాలి. తెలుగు చదవలేని ఇంజనీర్‌కి ఏది తప్పో కళ్లకి కట్టాలి కాబట్టి, తెగిన ఒత్తు చుట్టూ ఎర్ర గీత గీసి పంపుతాను.